ముందు తడిపి, తర్వాత కోయమన్న మనిషి

అంకుల్ గురువారం పోయారు. “అనారోగ్యంతో” అని యార్డువాళ్లు గోడకి కాగితం అంటించారు. చింపేశాను. ఆయన్ని చంపింది దుమ్ము.

ఈ పరాయి దేశంలో క్రెయిగీబర్న్ ఊరవతల పాత కరెంటు రైళ్లను తుక్కు చేసే యార్డు మాది. గ్యాస్‌తో ఇనుము కోయడం ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ప్రాణాలతో ఉండి కోయడం అంకుల్, ఆ జపాన్ పెద్దాయన, నేర్పారు.

వయసులో జపాన్‌లో ఆయన పని రైళ్లు మార్చడం. పాత రైలు పెట్టెను చీల్చి పారేసి, దాని మోటార్లూ చక్రాల మీదే కొత్త పెట్టె కూర్చోబెట్టేవారు. జనం కొత్త రైలనుకుని ఎక్కేవారు. చీల్చిన గోడల్లో ఆస్బెస్టాస్, ఊపిరితిత్తుల్ని తినేసే పీచు. ముక్కుకి గుడ్డముక్క కూడా ఇవ్వకుండా ఆయనతో గోకించారు. ఆ రకం రైళ్లు రిటైరయ్యాయి. చివరిదాన్ని మిషన్ నమిలేస్తున్న వీడియో చూపించి, “పైన నేను వేసిన రంగు. కింద నాకంటే ముసలిది” అని నవ్వారు. నవ్వు దగ్గయింది. చాలాసేపు ఆగలేదు.

అందుకే ఏ పెట్టెనైనా ముందు నీళ్ల పైపుతో తడిపేవారు. తడిస్తే దుమ్ము లేవదు.

“రైలుకి స్నానమా?” అన్నాడు మేనేజర్.

“ఇటు రా, నీకూ చేయిస్తా” అని అతని బూట్లు తడిపారు.

ఒకరోజు మేనేజర్ నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. తల పగలగొడదామని ఇనపరాడ్ ఎత్తాను. అంకుల్ మణికట్టు పట్టుకున్నారు. “తమ్ముడూ, దాన్ని కొట్టు” అని ఒక పెట్టె చూపించారు. ‘తమ్ముడూ’ ఒక్కటే మా తెలుగువాళ్ల దగ్గర ఆయన నేర్చిన మాట. కిటికీలన్నీ బద్దలు కొట్టాను. చేతులు నెత్తురోడాయి. అలిసి కూలబడ్డాక చీపురు తెచ్చిచ్చారు.

ఆయన పోయిన తర్వాతి సోమవారం మేనేజర్ నీళ్ల పైపు తీసేయించాడు. గోడ విప్పిన పెట్టెలో బూడిదరంగు పీచు వేలాడుతోంది. “టైమ్ లేదు, పొడిగానే కొయ్యి” అన్నాడు.

“కొయ్యను.”

“నీ వీసాకి స్పాన్సర్ ఎవరో గుర్తుందా?”

గుర్తుంది. వీసా పోతే ఇంటికి పోవడమే. గ్యాస్ కట్టేసి, ఇనుము కోసే టార్చ్ కింద పెట్టాను.

పెట్టెల్ని చీల్చే పంజా మిషన్ నడిపే వరంగల్ అన్న కేబిన్‌లోంచి అంతా చూస్తున్నాడు. “ఏందిరా తమ్మీ, దిగాల్నా?”

“దిగు, అన్నా.”

ఇంజన్ ఆపి దిగాడు. పైన ఇనప పంజా సగం చీల్చిన తలుపుని పట్టుకుని ఆగిపోయింది. గాలికి తలుపు కిర్రుమంటోంది. దాని కింద మేనేజర్, ఖాళీ కేబిన్ వైపు చూస్తూ ఇంకా అరుస్తున్నాడు.