లోవెల్ చెక్కిన దిమ్మలు

మా కెంటకీ కొండల్లో లోవెల్ టాకెట్ అంటే ముందు గుర్తొచ్చేది అతని మొండితనం. ఇరవై రెండేళ్లు బొగ్గుగనిలో చేసి, మోకాళ్లు అరిగాక తుపాకుల కొట్లో కౌంటర్ దగ్గర చేరాడు. పక్క కౌంటర్ నాది. గనిలోకి దిగే ప్రతివాడూ నడుముకి బరువైన ఊపిరి డబ్బా, విషవాయువు కమ్మితే గాలి అందించేది, కట్టుకోవాలి. బరువని దాన్ని పైనే వదిలేసేవాణ్ణి లోవెల్ మనిషిగా లెక్కపెట్టేవాడు కాదు. ఆ లెక్కే కొట్లోకీ తెచ్చాడు. జేబులో పట్టే బుల్లి పిస్తోలు ఎవరైనా అడిగితే, బొమ్మలు పక్క వీధిలో దొరుకుతాయని మొహం మీదే చెప్పేవాడు. ఓనరు తల పట్టుకునేవాడు.

అతని చెల్లెలు నెల్డా కొండ లోయల్లో ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్లను చూసే నర్సు. ఒకరోజు ఎవరివో వదిలేసిన కుక్కలు వెంటపడితే కారెక్కి తప్పించుకుంది. మర్నాడే మా కొట్టుకి వచ్చి అరచేతిలో పట్టే పిస్తోలు చూపించమంది. లోవెల్ దాన్ని కొట్టు వెనకున్న మట్టిగట్టు దగ్గరికి తీసుకెళ్లి వంద తూటాలు కాల్చాడు. మూడుసార్లు తూటా అడ్డం పడి ఆగిపోయింది.

"చూశావా, మూడుసార్లు మొరాయించింది" అన్నాడు.

"తొంభై ఏడుసార్లు పేలింది కదన్నా. ఇదైతే నాతో ఉంటుంది."

"ఆ మూడింట్లో ఒకటి నీకే రావచ్చు. నోరు మూసుకుని ఇది పట్టుకెళ్లు."

ఇచ్చింది ఇటుకంత బరువున్న రివాల్వరు. ఎప్పుడు నొక్కినా పేలుతుంది, ఆ మాటలో అబద్ధం లేదు. నెల్డా దాన్ని సంచిలో వేసుకుంది. అన్న మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

ఆదివారాలు చర్చి అయ్యాక నేనూ వాళ్లింట్లోనే తినేవాణ్ణి. బీన్స్, మొక్కజొన్న రొట్టె. నెల్డా సంచి బల్ల మీద పెట్టగానే లోవెల్ తుపాకీ ఉందా అని అడిగేవాడు. ఆమె సంచి మీద తట్టేది. ధబ్‌మని చప్పుడయ్యేది. ఆ చప్పుడు విన్నాకే అతను రొట్టె తుంచేవాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం గిన్నెలు తుడుద్దామని గుడ్డ కోసం వంటింటి సొరుగు లాగాను. గుడ్డల కింద రివాల్వరు ఉంది. "భుజం లాగేస్తోందబ్బా. సంచిలో మోగేది నా బీపీ మిషను. అన్నకి చెప్పకు, రాద్ధాంతం చేస్తాడు" అంది నెల్డా. నేను నవ్వాను. నవ్వి సొరుగు మూశాను.

మార్చి మొదటి వారంలో ఒక రోగి ఇంటి పెరట్లో గొలుసు తెంచుకున్న నాలుగు కుక్కలు నెల్డాను చంపేశాయి. పట్టపగలు. సంచిలో బీపీ మిషను, సగం తిన్న శాండ్‌విచ్, పిప్పరమెంట్లు ఉన్నాయి. రివాల్వరు సొరుగులోనే ఉంది, ఆరు తూటాలతో, నూనె రాసినట్టు మెరుస్తూ. లోవెల్ దాన్ని చేతిలో పెట్టుకుని వంటింటి నేల మీద చాలాసేపు కూర్చున్నాడు. అంత గట్టి మనిషి అలా కూలబడడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత కొన్నాళ్లకు కొయ్య దిమ్మలు చెక్కడం మొదలుపెట్టాడు. లోపల సీసం పోసి, కొట్లో ఉన్న ఒక్కో తుపాకీ బరువుకి ఒక్కో దిమ్మ. కొనేవాళ్లకు ముందు దిమ్మ ఇచ్చేవాడు. వారం రోజులు మోసి రమ్మనేవాడు, మొయ్యగలిగితేనే ఆ తుపాకీ.

మొన్న ఇల్లిల్లూ తిరిగి నీటి మీటర్లు చూసే ట్వైలా అనే అమ్మాయి రివాల్వరు దిమ్మ తీసుకెళ్లి, మూడో రోజే తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

"నావల్ల కాలేదు లోవెల్ గారూ. రెండ్రోజులు కార్లోనే వదిలేశాను" అంది, తల వంచుకుని.

ఏదో అంటాడనుకున్నాను. అతను అద్దాల బీరువా తెరిచి, అరచేతిలో పట్టే పిస్తోలు తీసి ఆమె ముందు పెట్టాడు. వందలో మూడుసార్లు ఆగుతుందని చెప్పాడు. ఆగినప్పుడు ఏం చెయ్యాలో అరగంట దగ్గరుండి నేర్పాడు.

ఆమె వెళ్లాక దిమ్మను అరలో పెడుతూ నా వైపు చూడకుండా అన్నాడు: "ఆ పిల్ల నాకు నిజం చెప్పింది చూశావా. నెల్డాకి ఆ ధైర్యం లేకుండా చేసింది నేనే. మా ఇంట్లో ఒక్కళ్లయినా అది సొరుగులో ఉందని నాకు చెప్పుంటే, మర్నాడే ఆ చిన్నది తీసుకెళ్లి ఇచ్చేవాణ్ణి."

ఆ సొరుగు సంగతి చెబుదామని నోరు తెరిచాను. తర్వాత బీరువా అద్దం తుడవడం మొదలుపెట్టాను.