రావల్కోల్ కందిచేలో జింకపిల్ల

మొన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. రోడ్డు పక్కన పొదలో ఒంటరిగా ముడుచుకుని పడుకున్న జింకపిల్లను ఒకాయన గుండెలకు హత్తుకుని కారులో ఎక్కిస్తున్నాడు, వెనక మనసు కరిగిపోయే సంగీతం, కింద మానవత్వం ఇంకా బతికే ఉందని పెద్ద పెద్ద అక్షరాలు. సాయంత్రానికల్లా దానికి మా కాలనీ వాళ్లందరూ దండాల బొమ్మలు పెట్టేశారు. నేను కూడా ఏదో రాయబోయి, రెండుసార్లు చెరిపేసి, ఫోను బల్ల మీద బోర్లా పడేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ పొదల వెనక ఎక్కడో దాని తల్లి నిలబడి చూస్తూ ఉండి ఉంటుంది, వీడియో తీసేవాళ్లకు కనపడదు, అంతే. ఆ సంగతి నాకెలా తెలుసో చెప్పాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి, ఇన్నాళ్లూ నోరు మెదపకుండా దాచుకున్న నా తప్పొకటి బయట పెట్టుకోవాలి. నా వయసు ఆడవాళ్లు, ఉద్యోగాలు చేస్తూ పిల్లల్ని పెంచినవాళ్లు చదివితే అర్థం చేసుకుంటారనే రాస్తున్నాను. క్షమిస్తారన్న ఆశ మాత్రం లేదు.

మేము భీమవరం దగ్గరి వాళ్లం. తొంభైల మొదట్లో నాకు సికింద్రాబాదుకు బదిలీ అయితే యాప్రాల్‌లో కొత్తగా లేచిన కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. నాది కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం కాబట్టి నాలుగేళ్లకోసారి దేశంలో ఎక్కడికైనా వెళ్లిరావడానికి ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ వచ్చేది. ఆఫీసులో మిగతావాళ్లందరూ దాంతో కాశీ, రామేశ్వరం చూసొచ్చి ప్రసాదాలు పంచుతుంటే నేను మాత్రం అడవులంటూ పట్టుబట్టేదాన్ని. ఒకసారి బందీపూర్, ఇంకోసారి కన్హా చూశాం. రెండు రాత్రుళ్లు రైల్లో, ఒక పగలు బస్సులో ఒళ్లు హూనం చేసుకుని వెళ్లి, తెల్లవారుజామున వణుకుతూ జీపెక్కి, తీరా చూసింది పొదల్లోకి పోతున్న పులి తోకా, మమ్మల్ని చూడగానే పరుగు లంకించుకున్న దుప్పుల గుంపూను. అదే పుణ్యక్షేత్రానికి వెళ్లి ఉంటే కనీసం చేతిలో లడ్డూ అయినా ఉండేదని మావారు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. నాకు మాత్రం ఆ తోక చాలు, ఇంకో నాలుగేళ్ల దాకా అందరికీ చెప్పుకోవడానికి. జీపు దిగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు అని అక్కడి గైడ్లు చెప్పిన నియమాలన్నీ నాకు కంఠోపాఠం, కాలనీలో పిల్లల్ని కూర్చోబెట్టి అడవి గురించి పాఠాలు కూడా చెప్పేదాన్ని. అంత తెలిసినదాన్ని నేను.

ఇక మా అమ్మాయి సంగతి చెప్పాలి. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. మావారు కండ్లకోయలో కొత్తగా పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో చేసేవారు, పొద్దున్నే కాలేజీ బస్సులో వెళ్తే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. నేను ఇల్లు చేరేసరికి ఆరు దాటేది. పిల్ల బడి నుంచి నాలుగింటికే వచ్చి, మెళ్లో తాడుకు కట్టిన తాళంచెవితో తలుపు తీసుకుని, నేను మూతపెట్టి ఉంచిన అటుకులో ఉప్మానో తిని, వరండా మెట్ల మీద కూర్చుని ఉండేది. నేను వీధి మలుపు తిరగ్గానే లేచి నిలబడేది. దాని కోసం నేను ఉద్యోగం మానలేను, ఇంటి అప్పు నా జీతం మీదే తీరుతోంది. ఎదురింటావిడ ఒకరోజు గేటు దగ్గర నన్నాపి, ఇంత పసిదాన్ని ఇలా వదిలేసి ఎలా వెళ్తారండీ అని, మెత్తగానే, నవ్వుతూనే అంది. ఆ మాట ముల్లులా దిగబడి ఎన్నాళ్లకూ ఊడి రాలేదు.

మా ఆఫీసు అటెండరుది రావల్కోల్. ముప్పై ఏళ్ల మనిషి, మంచివాడు, సీతాఫలాల కాలం వస్తే సంచీడు తెచ్చి అందరికీ పంచేవాడు. ఆ ఏడు దసరా సెలవులు మొదలైన ఆదివారం, మీరే వచ్చి చెట్టు నుంచి తెంపుకోండమ్మా అని మమ్మల్ని పిలిస్తే స్కూటరు మీద ముగ్గురం బయల్దేరాం. మేడ్చల్ దాటాక రోడ్డుకి రెండు వైపులా జొన్న, కంది, అక్కడక్కడ ద్రాక్షతోటలు, దూరాన రాళ్ల గుట్టలు, వాటి వెనక చిన్న అడవి. వాళ్ల చేలో అటెండరు నాయనమ్మ ఉంది, వాడు అవ్వ అంటాడు కాబట్టి మేమూ అవ్వ అన్నాం. డెబ్బై ఏళ్లుంటాయేమో, చేతికి వెండి కడియాలు, గోచీ పోసి కట్టిన చీర, ఒక్క నిమిషం ఊరికే కూర్చునేది కాదు. మాకు చల్ల పోసి, పండిన కాయ ఏదో పచ్చికాయ ఏదో చూపిస్తూ గట్టు వెంట నడిపించింది.

కందిచేను గట్టు కింద గడ్డిలో మా అమ్మాయే ముందు చూసింది దాన్ని. పిల్లి కన్నా కాస్త పెద్దది, ఇసుక రంగు ఒళ్లు, మెడ నేలకు ఆనించి, కళ్లు మాత్రం తెరుచుకుని, చచ్చిపోయిందేమో అన్నంత కదలకుండా పడుకుని ఉంది. చెవి మీద ఈగ వాలినా విదల్చలేదు. రెండు అడవుల్లో జీపు మీద నుంచి మెడలు సాచి వెతికిన జంతువు నా కాళ్ల దగ్గర ఉంది. నేను వంగబోతుంటే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టకు బిడ్డా, గట్లనే ఉండనియ్యి. తల్లి ఏడికి పోలే, గా గుట్ట దిక్కు మేస్తాంది. పొద్దుగూకంగ వచ్చి పాలిచ్చి పోతది. ఏటా మా చేన్లనే ఈనుతది."

కుక్కలొస్తే ఏం కావాలి, ఈ ఎండకు నాలుక ఎండిపోయి చస్తే ఏం కావాలి అని నేను వాదించాను. వాదించి, ఇంత పసిదాన్ని ఇలా వదిలేసి వెళ్లింది, అదేం తల్లి అని కూడా అనేశాను. నోట్లోంచి వచ్చాక గానీ అది ఎదురింటావిడ మాటని తెలియలేదు. అవ్వ నవ్వింది.

"నువ్వు గూడ బిడ్డను ఇంట్ల ఇడిసిపెట్టి నౌకరికి పోతవు గద. గదీ గంతే. కడుపుకు తినకుంటె పాలెట్ల వస్తయ్? మల్ల వస్తది."

ఆమె నన్ను తిట్టలేదని ఇవాళ తెలుసు. నన్ను వెనకేసుకొచ్చిన మనిషి నా జన్మలో ఆ ముసలమ్మ ఒక్కతే అని కూడా ఇవాళ తెలుసు. ఆ రోజు మాత్రం నా చెంప మీద కొట్టినట్టయింది. మావారి ముందు, నా కూతురి ముందు, జింకతో పోల్చి నా బతుకు బయట పెట్టిందనిపించింది. ఒళ్లు మండిపోయింది. నేనలాంటి తల్లిని కానని ఎవరికో చూపించాలి, అప్పటికప్పుడే చూపించాలి. పమిట కొంగుతో ఆ పిల్లను ఎత్తుకున్నాను. దాని గుండె నా అరచేతిలో కొట్టుకున్న వేగం చెప్పలేను. అవ్వ రెండుసార్లు వద్దంది, అటెండరు నా మొహం చూసి పక్కకు తప్పుకున్నాడు, మావారు నసిగారు. నేను ఎవరి మాటా వినలేదు. ఇంట్లో పెట్టుకోవడం నేరమని తెలుసు, అక్కడే వదిలితే చస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా అమ్మాయి దారి పొడవునా వెనక నుంచి దాని చెవులు నిమురుతూనే ఉంది.

ఆ సెలవుల పది రోజులూ మా ఇంట్లో పండగే. ఆవుపాలలో నీళ్లు కలిపి పాలసీసాతో పట్టాం. మొదటి రోజు మూతి తిప్పుకుంది, రెండో రోజు నాలుగు చుక్కలు మింగింది, మూడో రోజు నుంచి సీసా చప్పుడైతే చాలు గిట్టలు టకటకలాడించుకుంటూ గదులన్నీ దాటి వచ్చేది. మా అమ్మాయి దాంతోనే తినడం, దాంతోనే పడుకోవడం. నేను సాయంత్రం వీధి మలుపు తిరిగితే మెట్ల మీద ఎవరూ కూర్చుని ఉండేవాళ్లు కాదు, లోపల్నుంచి నవ్వులు వినపడేవి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆఫీసు నుంచి నిదానంగా నడిచి వచ్చాను. ఆ నిదానానికి ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో నాకు రోజూ కబురు అందుతూనే ఉంది.

"అమ్మా, మా అవ్వ ఒకటే పరేషాన్ జేస్తాంది. తల్లి రోజు పొద్దుగూకంగ వస్తాందంట, గట్టు మీద నిలవడి చూస్తాందంట. పిల్లను జల్దీ తెచ్చియ్యమంటాంది" అని అటెండరు మూడో రోజే టీ గ్లాసు నా బల్ల మీద పెడుతూ అన్నాడు. మనిషి వాసన తగిలిన పిల్లను తల్లి దగ్గరికి రానివ్వదని కన్హాలో గైడు చెప్పాడని నేను జవాబిచ్చాను. గైడు అలా అన్నాడో, నేనే అన్నాడనుకున్నానో ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను. ఐదో రోజు మళ్లీ చెప్పాడు. ఏడో రోజు, తల్లి తన పిల్లను పిలుస్తున్న చప్పుడు వినలేక వాళ్లవ్వ పొద్దుగూకగానే చేలోంచి ఇంటికి వచ్చేస్తోందని చెప్పాడు. ఇంకో రెండు రోజులు చూద్దామన్నాను. అంతే కాదు, ఆ రోజు టీ చల్లారిపోయిందని వాడి మీద విసుక్కున్నాను కూడా.

చివరికి ఎప్పుడు తీసుకెళ్లానో తెలుసా, సెలవులు అయిపోయి మర్నాడు బడి తెరుస్తారనగా. పగలంతా ఇంట్లో దాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేరు కాబట్టి. జాలి కాదు, బుద్ధి రావడం కాదు, నా వీలు. ఆటో మాట్లాడుకుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని, మా అమ్మాయినీ వెంటబెట్టుకుని, సాయంత్రం ఐదింటికి రావల్కోల్ చేరాను. అవ్వ ఒక్క మాట ఎత్తిపొడవలేదు. పిల్లను సరిగ్గా ఆ గడ్డిలోనే పెట్టించి, మమ్మల్ని దూరంగా జొన్నచేను చాటుకు తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

తల్లి వచ్చింది. గుట్ట వైపు నుంచి నాలుగు అడుగులు వేసి ఆగుతూ, చెవులు అటూ ఇటూ తిప్పుతూ వచ్చింది. నేనంత దగ్గరగా, అంత సేపు ఏ అడవిలోనూ ఏ జంతువునూ చూడలేదు. పక్కటెముకలు తెలుస్తున్నాయి. గట్టు ఎక్కి చిన్నగా ఒక చప్పుడు చేసింది. గడ్డిలో పిల్ల లేచి నిలబడింది. నేను లోపల వెయ్యి దేవుళ్లకు మొక్కాను. పిల్ల తల్లి వైపు చూసింది, ఉలిక్కిపడింది, వెనక్కి తిరిగి, అరుచుకుంటూ, పడుతూ లేస్తూ, మేమున్న జొన్నచేనులోకి పరుగెత్తుకొచ్చి నా చీర కుచ్చెళ్లలో తల దూర్చి పాలసీసా కోసం వెతికింది.

"చూశావా అమ్మా, దానికి మనమే కావాలంట!" అని మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

మళ్లీ తీసుకెళ్లి పెట్టాం. మళ్లీ వచ్చింది. మూడోసారి అవ్వే ఎత్తుకెళ్లి పెట్టి వంగి వంగి పక్కకు తప్పుకుంది, అయినా నన్ను వెతుక్కుంటూనే వచ్చింది. తల్లి ముందుకాలు నేలకేసి రెండుసార్లు కొట్టింది, ముక్కుతో బుస్సుమంది, కాసేపు అలాగే చూసింది. తర్వాత తిరిగి గుట్ట వైపు నడిచింది, పరుగెత్తలేదు. కనుచూపు దాటేదాకా అవ్వ అటే చూసి, చీర దులుపుకుని లేచింది.

"ఇగ తీస్కపో బిడ్డా. గది ఇగ నీ పిల్లనే."

అంతకన్నా పెద్ద శిక్ష నాకు ఏ కోర్టూ వేయలేదు. నా పిల్ల అన్నదాన్ని నేను రెండు రోజులు కూడా ఉంచుకోలేకపోయాను, బడి తెరిచారు, నాకు ఆఫీసు ఉండనే ఉంది. శామీర్‌పేట జింకల పార్కుకి తీసుకెళ్లి అప్పగించాం. అక్కడి ఉద్యోగి నన్ను కోప్పడలేదు, దాన్ని కాసేపు నడిపించి చూసి, మేడం, ఇది మనుషుల్ని చూసి భయపడటం లేదు, బయట వదిలితే కుక్కలు ఒక్కపూట బతకనీయవు, ఇక లోపలే ఉండాలి అని మాత్రం చెప్పాడు. మేము వెళ్లిపోతుంటే అది కంచె వెంబడే మాతో చివరిదాకా నడిచింది.

తర్వాత రెండు మూడుసార్లు చూడ్డానికి వెళ్లాం. మిగతా జింకలు దూరంగా చెట్ల కింద మేస్తుంటే అదొక్కటే కంచె దగ్గర, జనం మధ్యలో నిలబడి ఉండేది. నన్ను గుర్తుపడుతుందని, పరుగెత్తుకొస్తుందని ఎంతో ఊహించుకుని చెయ్యి చాపాను. వచ్చింది, నాకింది, పక్కనున్న ఎవరో ఆవిడ చెయ్యీ అలాగే నాకింది, ఆమె వెనకాల ఉన్నాయన చెయ్యీ నాకింది. దానికి నేనని కాదు, మనిషైతే చాలు. ఆ తర్వాత ఒకసారి వెళ్తే కనపడలేదు, ఏమైందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మళ్లీ అటు వెళ్లలేదు. ఎల్‌టీసీ మీద అడవులకీ వెళ్లలేదు, ఆ తర్వాత రెండుసార్లూ మావారు కోరుకున్నట్టు కాశీకీ, పూరీకీ వెళ్లాం. మా అమ్మాయి మాత్రం ఇప్పటికీ తన చిన్నతనంలోకెల్లా మంచి దసరా అదేనంటుంది, మమ్మల్ని వదిలి వెళ్లనన్న జింకపిల్ల కథ తన కూతురికి ముద్దుగా చెబుతుంది. నేను పక్క గదిలో బట్టలు మడతపెట్టుకుంటూ వింటాను. ఇన్నేళ్లూ దానికి నిజం చెప్పలేకపోయాను.

అవ్వ పోయి చాలా కాలమైంది. కిందటేడు ఏదో పెళ్లికి అటు వెళ్తూ చూస్తే ద్రాక్షతోటలు లేవు, జొన్నచేలు లేవు, మేడ్చల్ ఎక్కడ అయిపోయి రావల్కోల్ ఎక్కడ మొదలైందో తెలియలేదు. రంగు రాళ్లు పాతిన ప్లాట్లు, గోడలు, గేట్లు. కారులో అందరూ ఈ రియల్ ఎస్టేటు వాళ్లు అడవిని మింగేశారు, జింకల్ని తరిమేశారు అని తిట్టారు, మావారు కూడా గొంతు కలిపారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నేను రిటైరయ్యే ముందు అటెండరు నాతో ఒక మాట చెప్పాడు. మేము పిల్లను ఎత్తుకెళ్లాక వాళ్ల చేలో జింక మళ్లీ ఈనలేదట. అప్పటికింకా అక్కడ ఒక్క రాయి కూడా పాతలేదు, ఒక్క గోడ కూడా లేవలేదు, చేను చేనుగానే ఉంది, కంది కందిగానే పూసింది, అవ్వ ఏటా ఆ గట్టు కింద గడ్డి కోయకుండా అలాగే వదిలి ఉంచేదట. మిగతా ఊరిని ఎవరు ఖాళీ చేయించారో నాకు తెలియదు. ఆ చేనును మాత్రం నేనే ఖాళీ చేయించాను.