అత్తమ్మ నాటకమాడుతోందని

నాకు యాభై ఆరేళ్లు వచ్చేదాకా రాయడం రాలేదు. నేర్పేవాళ్లు లేక కాదు. నా పెళ్లయిన కొన్నేళ్లకు కాశిబుగ్గలో మా వాడలోనే సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. నేను పలక పట్టుకుని గడప దాటగానే మా అత్తమ్మకు కడుపునొప్పి వచ్చేది. మంచం మీద మెలికలు తిరిగేది. నేను వెనక్కి వచ్చి వాము కషాయం కాచేదాన్ని. చదువు వేళ దాటిపోగానే లేచి కూర్చుని, "ఏం కూర చేస్తానవే?" అని అడిగేది. నెల రోజులు ఇదే తంతు. చివరికి పలక అటకెక్కించాను. చాలా ఏళ్ల తర్వాత, మహిళా సంఘంలో వేలిముద్ర వేయడానికి సిగ్గుపడి, మా సంఘం లీడరు దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను.

అందుకే, ఆమెకు మతిమరుపు మొదలైనప్పుడు నేను నమ్మలేదు.

అన్నం తిని చెయ్యి కడుక్కున్న గంటకే "పొద్దటి సంది ఏం తినలే" అనేది. మొదట నాతోనే అనేది. తర్వాత గోడ దగ్గర నిలబడి పక్కింటామెతో అనడం మొదలుపెట్టింది. పక్కింటామె నాతో నవ్వుతూనే మాట్లాడేది కానీ, ఆమె చూపు మా వంటింట్లోకి పోయేది.

"పెద్దమ్మ తిన్నదా అక్కా?"

"రెండుసార్లు తిన్నది."

"అట్లనా..." అని సాగదీసేది. ఆ మాటతో నాకు ఒళ్లు మండేది.

నా అనుమానానికి ఇంకో కారణం అత్తమ్మ చేతులు. మా ఆయన మగ్గం మీద జంపఖానాలు నేస్తాడు. ఆయనకు కావలసిన నూలును రాట్నం మీద కండెలకు చుట్టి ఇచ్చేది ఆమే. ఒక్క కండె వదులుగా ఉండేది కాదు. ముందు గదిలో మగ్గం చప్పుడు కాస్త మారితే చాలు, వంటింట్లోంచే "పోగు తెగింది, సూస్కోరా" అని కొడుకును కేకేసేది. అంత పట్టున్న మనిషికి గంట కింద తిన్న అన్నం గుర్తుండదా?

అందుకని రాసిపెట్టడం మొదలుపెట్టాను. వచ్చిన నాలుగు అక్షరాలతో నేను మొట్టమొదట రాసినవి మా అత్తమ్మ అబద్ధాలు. "మంగళవారం పప్పన్నం తిన్నది. తినలేదని చెప్పింది." "తన వెండి కడియాలు నేను దొంగతనం చేశానన్నది. బియ్యం డబ్బాలో దొరికినయి. ఎవరు దాచారు?" ఇలా ఇరవై పేజీలు నింపాను. మా ఆయనకు చూపిస్తే, "ముసల్ది. ఇడిసిపెట్టు" అన్నాడు. ఆయన తల్లి కదా, ఈ నాటకంలో ఆయనకూ వాటా ఉందేమోననుకున్నాను.

తర్వాత ఆమె నా చేతి అన్నం తినడం తగ్గించింది. "ఏందో కలుపుతాంది" అనేది. చిక్కిపోతుంటే మా ఆయనకు భయమేసి హనుమకొండలో దవాఖానకు పోదామన్నాడు. నేను నోటుబుక్కు సంచిలో పెట్టుకున్నాను. నాటకం అక్కడైనా బయటపడుతుందని.

డాక్టరమ్మ అడిగింది, "అవ్వా, ఇయ్యాల ఏం వారం?"

"గంత సదువు సదివినవు, నీకు తెల్వదా బిడ్డా?"

"పొద్దున ఏం తిన్నరు?"

"కోడలినడుగు. పెట్టినామెకు తెల్వాలె గద."

చూశారా తెలివి, అనుకుని నోటుబుక్కు బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ ఒక్కో పేజీ తిప్పి మొత్తం చదివింది. పరీక్షలు, స్కానింగు అయ్యాక, ఇది డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అని చెప్పింది. "చేతికి అలవాటైన పని అంత తొందరగా పోదమ్మా. ఇవాళ జరిగింది మాత్రం మనసులో నిలవదు. దొంగతనం అంటగట్టడం, అన్నంలో ఏదో కలిపారనడం కూడా జబ్బు లక్షణాలే. ఆమెతో వాదించకండి." తర్వాత నా చేతికి పట్టీ చుట్టి చూసి, "మీ బీపీ బాగా ఎక్కువుంది. ఇట్ల వదిలేస్తే రేపు మీ మెదడుకూ మంచిది కాదు. మందులు వాడండి, రోజూ నడవండి, ఈ రాసే అలవాటు మానకండి" అంది.

నేరం చూపించబోతే నాకే గోళీలు రాసింది. డాక్టరమ్మను కూడా బుట్టలో వేసుకుందని ఆటోలో దారంతా అత్తమ్మను కొరకొరా చూస్తూనే ఉన్నాను.

ఇంటికి వచ్చాక రెండు రోజులు ఆమె నా చేతి మెతుకు ముట్టలేదు. కొడుకు తినిపించబోయినా "అదే గద వండింది" అని నోరు తిప్పుకుంది. ఎవరూ లేనప్పుడు తింటుందని నా నమ్మకం. మూడో రోజు మధ్యాహ్నం మా ఆయన బయటికి వెళ్లాక, వాకిట్లో ఆమె ముందు పప్పన్నం పళ్లెం పెట్టి మూత వేశాను. "సంఘం మీటింగుకు పోతాన" అని గట్టిగా చెప్పి, చుట్టూ తిరిగి పక్కింటి గోడ వెనక నక్కాను. పక్కింటామె వచ్చింది.

"ఏందక్కా గిది?"

"సప్పుడు చెయ్యకు. ఇప్పుడు తింటది సూడు."

అత్తమ్మ మూత తీసింది. వాసన చూసింది. గొంతు కదిలింది. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చి ఆగింది. పక్కింటామె కోడి వాకిట్లో గీకుతోంది. ముద్ద దాని ముందు వేసి, అది తింటుంటే కన్నార్పకుండా చూసింది.

"ఓర్నీ! నా కోడి మీదనా పరీక్ష?" అని పక్కింటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కోడికి ఏమీ కాలేదు. ఇక తింటుందనుకున్నాను. ఆమె పళ్లెం వైపు తిరిగి, ఇప్పుడే మొదటిసారి చూసినట్టు వాసన చూసింది. ముద్ద కలిపింది. ఆగింది. కోడికి వేసింది. చూస్తూ కూర్చుంది. మళ్లీ అలాగే. మళ్లీ అలాగే. ప్రతిసారీ గొంతు కదిలేది. పక్కింటామె నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు.

పళ్లెం ఖాళీ అయింది. వేళ్లకంటిన మెతుకులు కూడా నేలకు రాసేసి, కోడితో అంది, "నీకన్న పెట్టిన్రా బిడ్డా? తిను."

నాటకమాడేవాళ్లు, ఎవరూ చూడనప్పుడు ఆకలితో కూర్చోరు. ఆమె రెండు రోజులుగా పస్తుంటే నేను సాక్ష్యం కోసం గోడ వెనక నిలబడ్డాను.

"నువ్వు పెడ్తలేవనే అనుకున్న అక్కా నేను," అంది పక్కింటామె మెల్లగా.

"నాకెరుకే," అన్నాను.

మరునాడు పొద్దున్నే మెత్తగా పెసరపప్పు కిచిడి వండి, టిఫిన్ డబ్బాలో పెట్టి అత్తమ్మ చూడకుండా గోడ మీదుగా పక్కింటామెకు అందించాను. ఆమె వీధి వాకిలి నుంచి వచ్చి, "పెద్దమ్మా, మా ఇంట్ల చేసిన, జర రుచి సూడు" అని అత్తమ్మ ముందు పెట్టింది. అత్తమ్మ ఒక ముద్ద తిన్నది. ఇంకోటి తిన్నది. "మా కోడలికి గిట్ల వండరాదు. జర నువ్వన్న నేర్పియ్యరాదే" అంది. ఇంకొంచెం అడుగుతుందేమోనని నేను గిన్నెలో మిగతా కిచిడి పట్టుకుని, మళ్లీ చుట్టూ తిరిగి పోయి నిన్నటి ఆ గోడ వెనకే నిలబడ్డాను.