యాకమ్మ చూసొచ్చిన బొమ్మ

ఈ పొద్దున ఎదురింటి ఆవిడ గోడకు జాజు పూస్తోంది. బకెట్లో నానిన ఆ ఎర్రమట్టి వాసన కిటికీలోంచి వచ్చి తగలగానే పిల్లల పేర్లు రాస్తున్న నా పెన్ను ఆగిపోయింది. కాటారంలో మా బడి ఎనిమిదో తరగతి పిల్లలను హైదరాబాదులోని బొమ్మల మ్యూజియంకు తీసుకెళ్లే ఏర్పాట్లు నా మీద పడి నెల రోజులైంది. పిల్లలు యాభై ఇద్దరు, బస్సులో సీట్లు నలభై. "ఓ పన్నెండు పేర్లు కొట్టెయ్యిండ్రి మేడం, పనైపోతది" అన్నారు మా హెడ్మాస్టర్. నెల రోజుల్లో నేను ఒక్క పేరూ కొట్టెయ్యలేదు. ఎందుకో చెప్పాలంటే యాదగిరి సార్ గురించి చెప్పాలి. జాజు వాసనకూ, జాబితాలో లేని పేరుకూ నా బతుకులో ఉన్న లంకె ఆయనే.

యాదగిరి సార్ దేవరుప్పుల బడిలో మాకు డ్రాయింగ్ చెప్పేవారు. సొంతూరు నర్సింహులపేట. బడి దగ్గరే ఒక గదిలో ఉంటూ వారానికోసారి ఇంటికి వెళ్లొచ్చేవారు. బక్క మనిషి, చొక్కా చేతుల అంచుకు ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటి ఉండేది. లెక్కల సార్‌కు పాఠం మిగిలిపోతే డ్రాయింగ్ పీరియడ్ లాగేసుకునేవారు. అలా మిగిలిన కొద్దిపాటి సమయంలో యాదగిరి సార్ మాతో గీయించింది తక్కువ, చూపించింది ఎక్కువ. తన సైకిల్ తెచ్చి ముందు నిలబెట్టేవారు. కాసేపు చూడనిచ్చి, మమ్మల్ని వెనక్కి తిరగమని, ఏం చూశామో చెప్పమనేవారు. అందరూ హ్యాండిలు, చక్రాలు అని ఆగిపోయేవాళ్లు. నేను బెల్లు మూత మీది సొట్ట, వెనక చక్రానికి ఊడిపోయిన రెండు స్పోకులు, సీటు కింద కుక్కిన గుడ్డ, ఆ గుడ్డకున్న జాజు మరక వరుసగా చెప్పేదాన్ని.

"పగ పట్టినట్టే యాది పెట్టుకుంటవేందే స్వరూపా!" అని సార్ నవ్వేవారు.

ఆ మాట నిజమే. మరిచిపోవడం నాకు చేతకాదు. నాలుగో తరగతిలో నా పలక పగలగొట్టి, గాలికి పడిందని చెప్పిన పిల్ల పేరు యాకమ్మ. ఆ రోజు ఆమె వేసుకున్న గౌను రంగు కూడా చెప్పగలను.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు సార్ తిరిగి తిరిగి ఎవరినో ఒప్పించి, మా క్లాసును హైదరాబాద్ మ్యూజియంకు తీసుకెళ్లడానికి ఒక చిన్న బస్సు సాధించారు. అందులో క్లాసులో సగం మందే పడతారు. ఒకరోజు పాఠం మధ్యలో ఆయన, "హైదరాబాద్ చూసినోళ్లు చేతులెత్తుండ్రి" అన్నారు. అందరికంటే ముందు నేనే ఎత్తాను. గొప్పగా ఎత్తాను. అది ఎందుకు అడిగారో వారం తర్వాత జాబితా చదివినప్పుడు తెలిసింది.

"సార్, నా పేరు రాలె."

"నువ్వు హైదరాబాద్ చూసినవ్ గద స్వరూపా. చెయ్యి లేపినవ్."

"చూసిన సార్."

"మరింకేంది? చూడనోళ్లను పోనియ్యి."

నేను కూర్చున్నాను. నేను చూసిన హైదరాబాద్ ఒక పెద్ద దవాఖాన వరండా. ఆ ఎండాకాలం మా నాయినకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతే అమ్మతో కలిసి ఇరవై రోజులు ఆ వరండాలో ఉన్నాను. మందుల చీటీ పట్టుకుని కిందికి, మీదికి తిరిగాను. గేటు దాటి ఒక్క వీధి కూడా చూడలేదు. మా ఊరు దేవరుప్పులకు అవతల ఉండటంతో సార్‌కు మా ఇంటి సంగతి తెలియదు. ఏం చూశావని ఇంకొక్క మాట అడిగి ఉంటే చెప్పేసేదాన్ని. ఆయన అడగలేదు. అడగనిదే చెప్పేంత తక్కువదాన్ని కాదని నేను చెప్పలేదు.

బస్సు వచ్చిన రోజు అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. హైదరాబాద్ చూడని పిల్లల్లో కూడా ఒకరికి సీటు చాలలేదు. ఆ ఒక్కరూ యాకమ్మ. ఆమె బస్సు మెట్టు పట్టుకుని ఒకటే ఏడుపు. సార్ అప్పటికే ఎక్కి కూర్చున్నారు. కాసేపు చూసి సంచీతో సహా దిగిపోయారు.

"ఎక్కు యాకమ్మా. నా సీట్ల కూసో."

"మరి మీరు సార్?"

"నాకు గోడ పనున్నది. సైన్స్ మేడం అస్తది మీతోని."

ఏడ్చి ఉంటే ఆ సీటు నాదయ్యేదేమో. ఏడవలేదు. బస్సు కదిలే ముందు సార్ కిటికీల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరికీ చెప్పారు: "తలా ఒక్క బొమ్మ మంచిగ చూసి రాండ్రి. ఈడ ఉన్నోళ్లకు అప్పజెప్పాలె. వాళ్లు గీస్తరు." నా బొమ్మ తెచ్చే బాధ్యత ఎవరి మీద పడిందంటే, యాకమ్మ మీద.

గోడ పని అంటే నిజంగానే గోడ పని. బడి వెనక సున్నం వేసిన గోడ మీద, మిగిలిపోయిన మాతో సార్ జాజుతో చట్రాలు గీయించారు, మనిషికొకటి. మేం పారిపోకుండా కాపలా ఉండటానికే ఆయన దిగిపోయారని నేను అనుకున్నాను.

"గీత వంకర పోతున్నది సూడు."

"పోనియ్యిండ్రి సార్."

"నీ మూతి గూడ గట్లనే ఉన్నది పొద్దటిసంది" అన్నారాయన. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మర్నాడు ఎవరి చట్రం ముందు వాళ్లం, బొగ్గు ముక్కలు పట్టుకుని నిలబడ్డాం. యాకమ్మ నా పక్కకొచ్చి, "ఒక ముసలామె ఉన్నది. కూసున్నది. గంతే" అంది.

"గంతేనా? ఎటు చూస్తున్నది?"

"గిటు."

"చేతుల ఏమున్నది?"

"ఏం లేదు."

"ఉత్త చెయ్యి ఎట్ల పెట్టింది? బోర్లనా, ఎల్లకిలనా?"

"ఏందే, పోలీసోళ్ల లెక్క అడుగుతవు! ఒళ్లె పెట్టుకున్నది. ఎల్లకిల. అది ఆమె చెయ్యి కానట్టు పెట్టుకున్నది."

ఆ చివరి మాట విన్నాక నేను ఇంకేమీ అడగలేదు. అలాంటి చెయ్యి నాకు తెలుసు. ఇరవై రోజులు దాని పక్కన కూర్చున్నాను. వేళ్లు కొంచెం లోపలికి వంగి, బొటనవేలు ఒక్కటీ వేరుగా పడి ఉంటుంది. గీస్తూ పోయాను. మొహం సరిగా రాలేదు. చెయ్యి వచ్చింది.

"గదే! అచ్చం గట్లనే ఉన్నది సార్!" అని యాకమ్మ కేక పెట్టింది.

సార్ వచ్చి చూశారు. చాలాసేపు చూసి, "ఈ చెయ్యి నువ్వు యాడ చూసినవ్?" అన్నారు.

"హైదరాబాద్‌ల."

"హైదరాబాద్‌ల యాడ?"

"దవాఖాన్ల సార్. మా నాయినది."

ఆయన కిందికి వంగి జాజు బకెట్టు తీశారు. మళ్లీ అక్కడే పెట్టారు. "నేను అడగాలె గద" అన్నారు, అందరూ వింటుండగానే. "చెయ్యి లేపినవని రాసుకున్న. ఏం చూసినవని అడగకపోతి. తప్పు నాదే బిడ్డా."

తప్పని ఒప్పుకుంటే వెళ్లిపోయిన బస్సు తిరిగి వస్తుందా? కానీ ఆయన యాకమ్మ వైపు తిరిగి, ఆ ముసలామె చీర ఏం రంగు, వెలుగు ఎటు నుంచి పడింది, బొమ్మ ఎంత పెద్దగా ఉంది అని ఆత్రంగా అడుగుతుంటే నాకు అనుమానం వచ్చింది.

"సార్, మీరు చూడలేదా గా బొమ్మను?"

"యాడ చూస్తి? హైదరాబాద్ పోతే రంగుల దుకాణం దాక పోయి మర్లొచ్చుడే. మ్యూజియం లోపటికి నేను ఎన్నడు పోలె."

రెండు నెలలు తిరిగి సాధించిన బస్సులోంచి ఆయన దిగిపోయింది మా కాపలాకు కాదని నాకు అప్పుడు తెలిసింది. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ సీటు నాకు ఇవ్వలేదు కదా.

ఉద్యోగం వచ్చాక ఒకసారి నర్సింహులపేట వెళ్లి ఆయన్ను చూశాను. రిటైరై మోకాళ్ల నొప్పులతో మంచానికి అంటుకుపోయి ఉన్నారు. నన్ను చూడగానే, "ఇంక కోపమున్నదానే?" అన్నారు.

"ఉన్నది సార్."

"ఉండనియ్యి. మంచిగున్నది."

"మ్యూజియం పోయిన్రా మరి?"

"యాకమ్మ చూసొచ్చింది, నువ్వు గీసినవు, నేను గోడ మీద చూసిన. నాకు గది సాలు."

"నాకు సాలలేదు సార్" అన్నాను. దగ్గొచ్చేదాకా నవ్వారు. ఇప్పుడాయన లేరు. ఆ గోడకు ఎన్నిసార్లు సున్నం పడిందో తెలియదు. హైదరాబాద్ పనుల మీద ఎన్నోసార్లు వెళ్లాను కానీ మ్యూజియంలో అడుగు పెట్టలేదు. తీసుకెళ్లాల్సినవాళ్లు తీసుకెళ్లలేదు, నా అంతట నేను వెళ్లేదేంటని పంతం.

అందుకే పేర్లు కొట్టేసే బదులు పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి హైదరాబాద్ చూశారా అని అడిగాను. చూశామన్నవాళ్లను ఏం చూశారని అడిగాను. "బస్టాండ్ మేడం. మా అమ్మకు పని దొరికేదాక ఆడనే ఉన్నం" అంది ఒక పిల్ల. ఇంకొకడు కండ్ల దవాఖాన చూశాడు. ఇక రెండో బస్సు కోసం అర్జీ పెట్టాను. జవాబు లేదు. ఇంకోటి పెట్టాను. మూడోదాన్ని చేత్తో పట్టుకుని భూపాలపల్లి వెళ్లి, జిల్లా ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. సంతకం పెట్టేదాకా లేవలేదు.

నిన్న హెడ్మాస్టర్ ఆ కాగితం చూసి, "మీరు పడితే ఇడువరు గద మేడం" అన్నారు. తర్వాత పిల్లల వెంట వెళ్లే టీచర్ల పేర్లు రాస్తూ, "మీరెట్లాగు హైదరాబాద్ చూసిన్రు గద. ఈడ మిగిలిన క్లాసులు చూసుకోరాదుండ్రి?" అన్నారు.

"చూసిన సార్" అన్నాను.

ఆయన తల దించి రాసుకుంటున్నారు. అడగనిదే చెప్పనన్న ఆ పాత బిగువు మళ్లీ తలెత్తింది. ఈసారి దాని మాట వినలేదు.

"దవాఖాన చూసిన సార్. మ్యూజియం చూడలె. నా పేరు రాయిండ్రి."

రాశారు. ఏడో తరగతిలో చెయ్యెత్తినప్పుడే ఈ మాట నోరు తెరిచి చెప్పాల్సింది. అందులో సగం తప్పు నాదని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. మిగతా సగం యాదగిరి సార్‌దే. దాన్ని మాత్రం మాఫీ చేయను. అదీ వదిలేసుకుంటే, ఆయనది నా దగ్గర ఇంకేం మిగులుతుంది?