మాకు పేరు తెచ్చిన ఏడుపు

మా బ్యాండుకు పేరు తెచ్చిన పల్లవి నేను రాసింది కాదు. ఈ మాట ఇన్నాళ్లూ ఒక్కరితో తప్ప ఎవరితోనూ అనలేదు. ఎలా పుట్టిందని ఎవరడిగినా "ఏదో అట్లా వచ్చేసింది" అని తప్పించుకునేవాణ్ని.

ములకలపల్లి దగ్గర మా చర్చిలో నేను కీబోర్డు వాయిస్తాను. బ్యాండంటే మేం నలుగురం. ఆదివారం ఆరాధన, మిగతా రోజుల్లో పెళ్లిళ్లు. ఒక వేసవి మొదట్లో మిరపకాయలు ఏరే కూలీలతో పోతున్న ట్రాలీ ఆటో కాలువలో బోల్తా పడింది. మా సంఘంలో ఒక పిల్ల చనిపోయింది. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి కదా అని తల్లికి తోడుగా కూలికి పోతున్న పిల్ల. ఆ రోజు తల్లికి జ్వరం, ఒక్కతే పోయింది.

భూస్థాపనకు మేమే పాడాం. మా దగ్గర ఒకపక్క కీర్తన సాగుతుంటే మరోపక్క ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. పాస్టరుగారు ఆపమని చెయ్యెత్తుతారు, ఎవరూ ఆపరు. ఆ తల్లి పెట్టె మీద పడి ఒకటే మాట తిప్పి తిప్పి ఏడ్చింది.

"సద్ది కట్టుకొని పోతివి బిడ్డా, సద్ది ఇప్పకనే పోతివా!"

నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే అది ఏ శ్రుతిలో ఉందో వెతుక్కున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ జరిగింది అదే. వారం తిరక్కుండా దాన్ని పల్లవి చేసి, చరణాలు తగిలించాను. మా ప్యాడ్స్ వాయించేవాడు కింద దరువు వేశాడు. యూట్యూబ్‌లో పెట్టాం.

కొన్నాళ్లకు వైరాలో ఒక పెళ్లి బరాత్‌లో డీజే బండి మీద మా పాట విన్నాను. జనం ఎగురుతున్నారు. సంతోషించానా అంటే సంతోషించాను, అబద్ధమెందుకు. ఇంటికొచ్చాక మాత్రం కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలైంది. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. ఆ తల్లి ఉండే వీధి తప్పించి చుట్టూ తిరిగి పోయేవాణ్ని. రేపు చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూనే నెలలు గడిపేశాను.

ఏడాది జ్ఞాపకార్థ కూడికకు ఆమే రమ్మని కబురు పెట్టింది. సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక పూలు పెట్టి రాగం తీసింది. "సద్ది కట్టుకొని" అనగానే వెనక నిలబడ్డ ఆడపిల్లలు అందుకున్నారు. తెలిసిన పాట, నోటికొచ్చిన పాట, వాళ్ల తప్పేముంది? ఒకమ్మాయి చప్పట్లు కూడా కలిపింది. తల్లి సగంలోనే ఆగిపోయింది. తర్వాత వాళ్లూ ఆగిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అందరూ భోజనాలకు కదిలాక వెళ్లి ఆమె పక్కన కూలబడ్డాను.

"చిన్నమ్మా, తప్పయింది. నిన్ను అడగకుండ నీ ఏడుపు తీస్కపోయిన. పాట తీసేస్త."

ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. తిట్టినా బాగుండేది.

"తీసేస్తే ఏమొస్తది బిడ్డా? అందరికి నోటికొచ్చె. ఏడుద్దామని నోరు తెరిస్తే నాకు గూడ నీ దరువే వినబడ్తాంది. ఇగ నా బిడ్డకు నేనేమని ఏడ్వాలె? నువ్వే చెప్పు."