పెందలాడే మూసే కాఫీ కొట్టు

సోలో అనే ఊళ్ళో ఒక సందు వాళ్ళకు తలనొప్పి వస్తే ముందు గుర్తొచ్చేది మందుల షాపు కాదు, సుమిరా. అల్లం దంచి వేసిన చిక్కటి కాఫీ ఒక గ్లాసుడు తాగించి, వీపుకు నూనె రాసి, ఎర్రటి చారలు తేలేదాకా పాత నాణెంతో గీకేది. ఒంట్లో చేరిన గాలి అలా బయటికి పోతుందని ఆమె నమ్మకం. భర్త పోయాక, ఆ సందులోనే పెట్టుకున్న కాఫీ కొట్టు మీద బతికిన మనిషి.

ఆమె అక్క కూతురు వెనింగ్‌కు పదహారేళ్ళు. హైస్కూలు చదువు కోసం కొండ ఊరినుంచి పిన్ని ఇంటికి వచ్చింది. కొన్నాళ్ళకే తలలో ఒక పక్క సుత్తితో కొట్టినట్టు నొప్పి మొదలైంది. వెలుతురు చూడలేకపోయేది, తిన్నది కక్కేసేది. సుమిరా తనకు తెలిసిన వైద్యం చేసింది: బడినుంచి రాగానే కాఫీ, ఆపైన నాణెం. నొప్పి కాస్త సద్దుమణిగేది కానీ రాత్రంతా పిల్లకు కునుకు పట్టేది కాదు. తెల్లారితే మళ్ళీ నొప్పి, మళ్ళీ బడికి నాగా. "ఇలాగైతే నేనొచ్చి ఇంటికి తీసుకుపోతాను. చదివింది చాలు," అని తండ్రి ఫోన్లో తేల్చేశాడు.

సుమిరా పిల్లను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ అంతా విని మైగ్రేన్ అంది.

"నిద్ర చెడితే ఈ నొప్పి వస్తుంది, నొప్పి వస్తే నిద్ర చెడుతుంది. ఈ వయసులో ఒకటి రెండోదాన్ని లాక్కొస్తూ ఉంటుంది. సాయంత్రాలు ఏం తాగుతావమ్మా?"

"మంచినీళ్ళే," అంది వెనింగ్, పిన్ని వైపు చూడకుండా.

"అబద్ధం డాక్టరమ్మా. కాఫీ తాగుతుంది, రెండు గ్లాసులు. పోసేది నేనే. చెంచా నిలబడేంత చిక్కగా."

"బులిక్!" అని తమ భాషలో పిన్నిని పిలుస్తూ పిల్ల ఆమె చెయ్యి నొక్కింది.

"నువ్వుండు. నా కాఫీ సంగతి నాకు తెలీదా?"

కాఫీ కొద్దికొద్దిగా తగ్గించి మానేయమనీ, రోజూ ఒకే వేళకు పడుకోమనీ చెప్పి డాక్టరమ్మ మాత్రలు రాసింది. పడుకునే చోట చప్పుడు ఉండకూడదంది. పిల్ల పడుకునే గదికీ కొట్టుకీ మధ్య ఉన్నది ఒక పలచటి చెక్క. దానికి ఇవతల రోజూ పొద్దుపోయేదాకా కొట్టుకొచ్చేవాళ్ళ డొమినో బిళ్ళల మోత.

ఆ సాయంత్రమే సుమిరా వాళ్ళకు చెప్పేసింది, ఇకమీదట రాత్రి నమాజు పిలుపు వినపడగానే కొట్టు మూత అని. ఆటలో ఓడినవాడి చెవులకు తగిలించే బట్టల క్లిప్పులతో కూర్చున్న పెద్దాయన పాక్ కర్జో గగ్గోలు పెట్టాడు.

"యు సుమి, ఓ అక్కా! నేను గెలవకుండా మూసేస్తే ఈ క్లిప్పులతోనే ఇంటికి పోవాలా?"

"పో. ఆ చెవులకు నా మాట ఎలాగూ ఎక్కట్లేదు, అలంకారానికైనా పనికొస్తాయి."

"సందు చివరి కొట్టుకు పోతాం, చూసుకో!"

"వెళ్ళు. అక్కడి కాఫీ తాగితే హాయిగా నిద్రపడుతుంది."

అన్నంత పనీ చేశారు. సుమిరా కొట్టుకు రాత్రి బేరమే ప్రాణం. అయినా సుమిరా మాట మార్చలేదు. పొద్దున్నే పనికి పోయేవాళ్ళకు వేయించిన టెంపే సోయా ముక్కలు, అన్నం పొట్లాలు అమ్మడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు వీపులు గీకడం మాత్రం మానలేదు. కాకపోతే ముందు "రాత్రి నిద్రపోయావా?" అని అడగడం నేర్చుకుంది.

చెప్పాపెట్టకుండా ఒకరోజు వెనింగ్ తండ్రి వార్నో దిగాడు.

"పిల్లేదీ?"

"బడికి పోయింది, మాస్," అని బావను మర్యాదగా పిలిచి చెప్పింది సుమిరా.

"తలనొప్పి పోయిందా మరి?"

"ఎందుకు పోతుంది? మొన్ననే వచ్చింది. మాత్ర వేసుకుని చీకటి గదిలో పడుకుంది. మర్నాడు లేచి బడికి పోయింది."

"మళ్ళీ వస్తే?"

"మళ్ళీ పడుకుంటుంది, మళ్ళీ లేచి బడికి పోతుంది. కూర్చో, అన్నం తిను."

సాయంత్రం వెనింగ్ నాన్నతో కబుర్లాడింది, పుస్తకాలు చూపించింది, వేళ కాగానే లేచి గదిలోకి వెళ్ళిపోయింది. వార్నో మూసేసిన కొట్టులో బల్ల మీద కూర్చుని ఆ చెక్క గోడనే చూశాడు. తర్వాత సుమిరా దగ్గరికి వంగి, గొంతు బాగా తగ్గించి అన్నాడు:

"పొద్దున బస్సుకు పోతాను. నేనొక్కణ్ణే."