అయిపోవచ్చిన సెల్లులు

నా చిన్నప్పుడు పిడుగురాళ్లలో మా ఇంటికీ పక్కనున్న లారీ షెడ్డుకీ మధ్య ఒక్కటే గోడ. అటు సుత్తి దెబ్బ పడితే ఇటు మా వంటింట్లో గిన్నెలు మోగేవి. మా నాయనమ్మ పొద్దున లేచింది మొదలు ఆ షెడ్డును తిట్టేది, మధ్యాహ్నం అయ్యేసరికి షెడ్డు వాళ్ళకు చెంబుడు మజ్జిగ నా చేత పంపించేది. ఆవిడ కోపం అక్కడికే. షెడ్డు యజమాని సాయిబుగారిని ఊరంతా మేస్త్రీ అని పిలిచేది, నాకు మాత్రం ఆయన షెడ్డు మామ.

మా బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు, సున్నపు బట్టీలో పని చేసేవాడు. పని దిగి ఇంటికి రాకుండా నేరుగా షెడ్డుకే పోయేవాడు, జుట్టూ కనురెప్పలూ తెల్లగా పెట్టుకుని. గోలెం దగ్గర మొహం కడుక్కుంటే అప్పుడు లోపలి నుంచి మా బాబాయి బయటికి వచ్చేవాడు. ఆయన గొంతు గురించి చెప్పాలి. తియ్యని గొంతు కాదు. కాస్త గరుకు, కాస్త పొగరు. కానీ ఆయన పాట ఎత్తుకుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు సైకిలు దిగి నిలబడేవాళ్ళు. నాకు ఆయనంటే చెప్పలేనంత గర్వంగా ఉండేది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో పాటంటే సినిమా పాటే. అది కాకపోతే భక్తి పాట. మూడో రకం ఒకటి ఉందని మాకు తెలియజెప్పింది మద్రాసుకు సున్నం లోడు తోలే ఒక డ్రైవరు. అక్కడ హార్బరు దగ్గర పేవుమెంటు మీద, ఓడల వాళ్ళు అమ్ముకుపోయిన క్యాసెట్లు కుప్ప పోసి పెట్టేవాళ్ళట. వాటి మీద బొమ్మలుండవు, కంపెనీ పేరుండదు, పెన్నుతో ఏదో గిలికి ఉంటుంది. అలాంటిది ఒకటి తెచ్చి షెడ్డులో పెట్టాడు. డబడబా డ్రమ్ములు, కరెంటు గిటారు మోత, గొంతు చించుకుని అరిచే ఇంగ్లీషు కుర్రాడొకడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గోడకు ఇవతల మా నాయనమ్మ చేటలో బియ్యం చెరుగుతూ అదిరిపడింది.

“ఏందే ఆ గోల? ఎవుర్నన్నా కోస్తన్నారా అక్కడ?”

అక్కడ కోతలేమీ లేవు. ఆ క్యాసెట్ పెట్టెలో మడిచి పెట్టిన కాగితాన్ని షెడ్డు మామా మా బాబాయీ డ్రైవరూ తలలు ఆనించి చూస్తున్నారు. దాని మీద మసకగా ఒక ఫొటో. నలుగురు కుర్రాళ్ళు, వెనక పైకెత్తిన షట్టరు, దాని వెనక గోడకు రెంచీలు, కింద ఆయిల్ డబ్బాలు. షెడ్డు మామ కళ్ళు పెద్దవైపోయాయి. “ఒరేయ్, ఇది షెడ్డురా! వీళ్ళెవురో మనోళ్ళే!” అన్నాడు. ఏ దేశమో తెలియదు, ఏ ఊరో తెలియదు. షెడ్డులో వాయించుకుని, తామే టేపు చేసుకుని, తామే అమ్ముకునే కుర్రాళ్ళు లోకంలో ఉన్నారని ఆ ఫొటో చూసి మాకు తెలిసింది. ఆ రోజు నుంచీ వాళ్ళు మాకు దూరపు చుట్టాలైపోయారు.

అప్పటి నుంచి ఆ డ్రైవరు మద్రాసు నుంచి తిరిగి వస్తే రైలు గేటు దగ్గరే హారను పొడుగ్గా కొట్టేవాడు. కొడితే కొత్త క్యాసెట్ దొరికినట్టు, కొట్టకపోతే లేనట్టు. నేను బడి నుంచి వస్తూ ఆ హారను వింటే పుస్తకాల సంచీ గుండెకు అదుముకుని పరిగెత్తేదాన్ని. ఒకసారి దొరికినవాళ్ళ క్యాసెట్ మళ్ళీ దొరికేది కాదు. ఈసారి ఎవరొస్తారో, ఏం అరుస్తారో అని అందరికీ ఆత్రమే. కొన్ని వట్టి మోత. ఒక్కొక్కటి మాత్రం విన్నాక షెడ్డులో కాసేపు ఎవరూ స్పానరు పట్టుకునేవాళ్ళు కాదు.

వినీ వినీ వీళ్ళకూ పూనకం వచ్చింది. లారీల మీద పూలూ నెంబర్లూ రాసే పెయింటరన్న చర్చి నుంచి గిటారు అడిగి తెచ్చుకున్నాడు. షెడ్డు మామ ఆయిల్ పీపానూ పాత బ్రేకు డ్రమ్మునూ ముందేసుకుని కూర్చున్నాడు. మా బాబాయి పాట కట్టాడు. దాని పల్లవి నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

“రాయిని కాలిస్తే సున్నమైంది, ఒరేయ్, నన్ను కాలిస్తే ఏమైద్ది?”

డ్రైవరు విని ఊగిపోయాడు. “మీరూ ఒక టేపు కొట్టీయండి మేస్త్రీ, తీసకపోయి ఆ పేవుమెంటు మీదే పెడతా,” అన్నాడు. వాళ్ళ షెడ్డు పాట మన దాకా వచ్చినప్పుడు మన షెడ్డు పాట వాళ్ళ దాకా ఎందుకు పోకూడదని అప్పటి నుంచీ ముగ్గురికీ ఒకటే ధ్యాస. ఏ ఓడ మీద కుర్రాడో కొనుక్కుని ఏ ఊరికో పట్టుకుపోతాడు. అక్కడొక షెడ్డులో మా బాబాయి గొంతు మోగుతుంది. నాకైతే ఆ షెడ్డు కళ్ళకు కట్టినట్టు కనపడేది.

ఒక శుక్రవారం, షెడ్డు మూసి, వాయించి టేపు చేశారు. కరెంటు మీద పెడితే టేపురికార్డరు గుర్రుమంటోందని సెల్లులు వేశారు. అవి కొత్త సెల్లులేం కావు. ఆ కాలంలో సెల్లు అయిపోతే ఎవరూ పారేసేవాళ్ళు కాదు, ఎండబెట్టేవాళ్ళు. మా నాయనమ్మ డాబా మీద వడియాల పక్కనే బ్యాటరీ లైటు సెల్లులు కూడా వరసగా పేర్చేది. ఎండకు ప్రాణం లేచొస్తుందని ఊరందరి నమ్మకం. కాస్త లేచొచ్చేది కూడా. ఆ ఎండిన సెల్లులతోనే టేపు చేశారు, వెంటనే తిప్పి విన్నారు. అచ్చు గుద్దినట్టు వచ్చింది. షెడ్డు మామ మా బాబాయిని ఎత్తి గిరగిరా తిప్పాడు.

ఆ తర్వాత మా బాబాయికి దగ్గు పట్టుకుంది. బట్టీలో పనిచేసేవాళ్ళకు దగ్గు కొత్తేం కాదు, మేమూ పట్టించుకోలేదు. దగ్గు తగ్గింది, కానీ పోతూ పోతూ గొంతును పట్టుకుపోయింది. నాన్న గుంటూరు తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించాడు. లోపల దెబ్బతిన్నది, ఇక ఇంతే, ఉన్నదాన్ని కాపాడుకోండి అన్నాడట ఆయన. ఉన్నది ఏపాటిది? చెవి దగ్గర పెట్టి వినాల్సిన గుసగుస. నాయనమ్మ మొక్కని దేవుడు లేడు, అడగని ఫకీరు లేడు. తేనె, మిరియాలు, కరక్కాయ, అన్నీ అయ్యాయి. ఇంట్లో అంతమందిమి ఉండి ఒక మనిషి గొంతులోకి ఒక్క మాట తెచ్చి పెట్టలేకపోయాం. అంతకు ముందు పెద్దవాళ్ళు ఏదైనా చేయగలరని అనుకునేదాన్ని. అప్పుడు తెలిసింది చేయలేరని.

ఆ హడావిడిలో టేపును మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు, కానీ మనసులో ఒక ధైర్యం ఉండేది. టేపు ఉంది కదా. గొంతు పోయినా పాట ఉంది కదా. డ్రైవరు మళ్ళీ మద్రాసు పోయే ముందు, ఇంకో కాపీ చేయిద్దామని షెడ్డు మామ ఆ క్యాసెట్ తీసుకుని నరసరావుపేటలోని రికార్డింగు షాపుకు బయల్దేరాడు. మా బాబాయీ వెళ్ళాడు, నేను ఏడిస్తే నన్నూ బస్సెక్కించారు.

షాపులో పెద్ద టేపు, కరెంటు మీద నడిచేది. షాపతను బటను నొక్కాడు. పాట వచ్చింది. కానీ ఆ పాడేది మా బాబాయి కాదు. ఎవడో పసిపిల్లవాడు ముక్కుతో గబగబా అప్పజెబుతున్నట్టు ఉంది. డ్రమ్ము టకటకా కొట్టుకుంటోంది. షాపతను నవ్వాడు, బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. షెడ్డు మామ “ఇది కాదు, ఇది కాదు” అంటూ క్యాసెట్ తీయించి, తిప్పించి, మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ ఆ పిల్లవాడే. సెల్లులు నీరసంగా ఉన్నప్పుడు టేపు మెల్లగా తిరిగి ఉంటుంది, మంచి కరెంటు మీద పెడితే ఇలాగే పరిగెత్తుద్ది, మళ్ళీ పాడి రికార్డు చేసుకోండి, అని షాపతను మంచిమాటగానే చెప్పాడు.

మళ్ళీ పాడి. మా బాబాయి ఏదో అనబోయాడు, గుసగుస కూడా రాలేదు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అంతకన్నా ఏం చేయాలో నాకు తెలియలేదు. తిరుగు బస్సులో ముగ్గురం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. డ్రైవరు మాత్రం మాట తప్పలేదు. షాపులో చేయించిన ఆ పిల్లవాడి కాపీనే తీసుకుపోయి మద్రాసు పేవుమెంటు మీద పెట్టాడు. తర్వాతి ట్రిప్పులో హారను కొడుతూ వచ్చాడు. అది అమ్ముడు పోయిందట, ఎవరో ఓడ మనిషి కొనుక్కుపోయాడట, పిల్లోడు భలే పాడాడన్నాడట. మా బాబాయి భుజాలు కదిలాయి. అది నవ్వో ఏడుపో శబ్దం లేనిదే ఎలా తెలుస్తుంది? నేను లోపలికి పోయి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను మజ్జిగ చెంబుతో షెడ్డుకు వెళ్ళాను. షెడ్డు మామ టేపురికార్డరులో ఎవరి బ్యాటరీ లైటులోవో పాత సెల్లులు వేసి పాటలు వింటున్నాడు. పెయింటరన్న చేతికందిన క్యాసెట్ మార్చి పెట్టాడు. అది మా బాబాయిది. మొదట ఆ పాడు పిల్లవాడే వచ్చాడు. ఆపమందామని నేను నోరు తెరిచేలోపు పిల్లవాడి గొంతు కొంచెం బరువెక్కింది. ఇంకొంచెం. ఇంకొంచెం. సెల్లులు అయిపోతున్నాయి, టేపు మెల్లబడుతోంది. ఉన్నట్టుండి మా బాబాయి వచ్చేశాడు. ఆ గరుకూ, ఆ పొగరూ. నన్ను కాలిస్తే ఏమైద్ది అని అడుగుతున్నాడు.

షెడ్డు మామ పరిగెత్తుకుపోయి గోడ మీదుగా మా బాబాయిని కేకేశాడు. ఆయన చెప్పుల్లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చరణం విన్నాడేమో. అంతలోనే ఆ గొంతు ఇంకా బరువెక్కి, సాగి, గేదె మూలిగినట్టు అవబోయింది. షెడ్డు మామ చటుక్కున బటను నొక్కేశాడు. ఆ మూలుగు మా బాబాయి చెవిన పడనివ్వలేదు.

మర్నాటి నుంచి షెడ్డు గోడకు ఒక గ్రీజు డబ్బా వేలాడింది. వచ్చిపోయే డ్రైవర్లందరికీ షెడ్డు మామ ఒకటే మాట చెప్పాడు. మీ బ్యాటరీ లైట్లలో సెల్లులు అయిపోవస్తే పారేయకండి, అందులో వేసి పోండి. కొత్తవి వద్దు, చచ్చినవీ వద్దు, అయిపోవచ్చినవి కావాలి. ఎందుకని అడిగిన వాళ్ళకు చెప్పాడు. వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో దాచి తెచ్చి వేసేవాళ్ళు. మాచర్ల వాళ్ళు, దాచేపల్లి వాళ్ళు, కృష్ణ అవతలి మిర్యాలగూడెం వాళ్ళు. మా నాయనమ్మ సెల్లులు ఎండబెట్టడం మానేసి ఆ డబ్బాకు పంపడం మొదలుపెట్టింది. షెడ్డును తిట్టడం కూడా అప్పుడే మానేసింది.

సాయంత్రాలు మా బాబాయి వచ్చి పీపా మీద కూర్చునేవాడు. పిల్లవాడు పాడుతున్నంతసేపూ ఎవరి పనిలో వాళ్ళుండేవాళ్ళు. గొంతు దారికి రాగానే సుత్తులు ఆగేవి. ఒక్కోరోజు ఒక చరణం, ఒక్కోరోజు ఒక్క ముక్క. ఒక్కోరోజు అసలు రాకుండానే సెల్లులు చచ్చేవి, ఆయన లేచి లుంగీ దులుపుకుని వెళ్ళిపోయేవాడు. ఆ సరైన ముక్కను ఇంకో టేపులోకి ఎక్కిద్దామని ఎవరి దగ్గరో ఇంకో మిషను తెచ్చి ప్రయత్నించారు. అటు బటను నొక్కేసరికి ఇటు గొంతు దాటిపోయేది, మొదటి నుంచీ నొక్కి ఉంచినా ఆ మిషను వేగంలో అది ఇంకెవరి గొంతో అయ్యేది. నాకు ఉక్రోషం పట్టలేక, ఇన్ని లారీలు బాగుచేస్తావు, దీన్ని నిలబెట్టలేవా అని షెడ్డు మామ మీద అరిచాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నాడు.

“నిలబెట్టలేం బేటీ. నాకు చాత కాదు. అదొచ్చేటప్పటికి మనం ఈడ ఉండాల, అంతే.”

చాత కాదని అంత సూటిగా చెప్పిన పెద్దమనిషిని నేను అంతకు ముందు చూడలేదు. చాత కాకపోయినా డబ్బా వేలాడదీయొచ్చని, వచ్చి కూర్చోవచ్చని, మూలుగు వినపడకముందే బటను నొక్కొచ్చని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత నా జీవితంలో నా వల్ల కాని జబ్బులూ నా వల్ల కాని చావులూ చానానే వచ్చాయి. మంచం పక్కన కూర్చోవడానికి మాత్రం నేనెప్పుడూ వెనకాడలేదు.

మా బాబాయి పోయారు, షెడ్డు మామ పోయారు. క్యాసెట్ నా బీరువాలో ఉంది. మొన్నామధ్య నా మనవరాలు దాన్ని ఎక్కడో ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కించుకొచ్చింది. దాని వేగం ఎంత కావాలంటే అంత చేయొచ్చట. “చెప్పు అమ్మమ్మా, ఏది సరిగ్గా ఉందో అక్కడ ఆపేస్తాను,” అంది. ఇక ఎప్పటికీ అలాగే ఉండిపోతుందంది. ఆ పిల్లవాడు మొదలుపెట్టాడు. మనవరాలు వేగం మెల్లగా తగ్గిస్తూ పోయింది. ఒక చోట మా బాబాయి తగిలాడు. అదిగో అన్నాను. అనేసరికి దాటిపోయింది. మళ్ళీ వెనక్కి తెచ్చి ఇదా, ఇదా అని అడిగింది. ఒకటి కొంచెం పలచన, ఒకటి కొంచెం బరువు. అన్నీ ఆయనలాగే ఉన్నాయి, ఏదీ ఆయన కాదు. చెప్పడానికి నాకు చాత కాలేదు. ఎక్కడా ఆపొద్దు, అలా జారనీ, చివర్లో మూలిగే ముందు మాత్రం ఆపేయ్ అన్నాను.

మా ఇంట్లో టీవీ రిమోట్‌లో సెల్లులు మందగిస్తే ఇప్పటికీ నేను పారేయను, ఒక డబ్బాలో వేసి పెడతాను. చెత్త పోగేస్తున్నానని మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. ఎవరి గొంతుకు పనికొస్తాయో ఎవరికి తెలుసు.